అక్క ఎవరికి బదులు చెప్పింది?

దయ్యం ఉందని జనం భయపడే పత్తి గోదాములో చాలాకాలం ఒంటరిగా పడుకున్నవాణ్ణి నేను. అలాంటివి ఏనాడూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే దేవుణ్ణి కూడా అంతగా నమ్మలేదు. మాది ఎమ్మిగనూరు దగ్గర క్రైస్తవ కూలి కుటుంబం. నాకు పేరుకు జ్ఞానస్నానం ఉంది, అంతే.

కర్నూలు రాజధాని అయిన ఏడాది మా బావ చిన్నప్పకు కలరా సోకింది. బండి కట్టుకుని ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాము. రోగుల షెడ్డులోకి ఒక్కరినే రానిచ్చారు. మా అక్క ఆరోగ్యమ్మ నిండు చూలాలు గనుక నేను పోయాను. ఆమె గేటు బయట ఎండలో కూర్చుంది. మధ్యాహ్నానికి బావ పోయాడు. శవాన్ని కూడా ఆమెకు చూపించలేదు. సున్నం చల్లి వాళ్లే పూడ్చిపెట్టారు.

ఆ వారంలోనే అక్కకు బిడ్డ పుట్టి చనిపోయింది. అప్పటి నుంచి ఆమె నోట మాట లేదు. మనం చెప్పేది వింటుంది, వంట చేస్తుంది, కూలికి వస్తుంది. మాట మాత్రం లేదు. గొంతులో లోపమేమీ లేదన్నాడు డాక్టరు.

మరుసటి ఏడు, కోసిగి అవతల గుట్ట మీది మాత గుడి తిరునాళ్లకు నడిచిపోదామని మా అమ్మ పట్టుబట్టింది.

"మాతనే అడుగుదాం రా నాయినా. ఇంగెవర్ని అడగాల?" అంది.

దారిలో ఒక ఊరి బావి దగ్గర మమ్మల్ని చేద ముట్టుకోనివ్వలేదు. ఎవరో పైనుంచి పోస్తే దోసిళ్లు పట్టి తాగాము. దేవుడి దగ్గరికి పోయే దారి కూడా ఇట్లాగే ఉంటుందా అని నాకు ఒళ్లు మండింది.

గుడిలో అక్క మోకరించింది. ఫాదర్ ఆమె తల మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. చుట్టూ జనమంతా పాడుతున్నారు. ఆమె పెదవులు కదల్లేదు. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని ఏడ్చింది.

తిరిగి వస్తూ పట్టపగలు ఒక జొన్నచేని గట్టున సద్దిమూట విప్పాము. మేము ముగ్గురం తప్ప కనుచూపు మేర మనిషి లేడు. ముద్ద చేత్తో పట్టుకున్న అక్క, ఎవరో పిలిచినట్టు తల పక్కకు తిప్పింది. ఎప్పటి గొంతుతోనే, స్పష్టంగా అంది:

"కోపం ల్యా మామా. ఈడే వాకిట్లోనే ఉండా. లోపలికి రానీరంట."

ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఎవురితో అంటివే? ఇంగోసారి మాట్లాడు తల్లీ!" అని అమ్మ ఆమెను పట్టుకుని కుదిపింది. అక్క వింతగా చూసింది, అంతే. ఆమె మామా అని పిలిచేది మా బావనొక్కణ్ణే.

షెడ్డులో బావ ఆఖరుసారి కళ్లు తెరిచి నన్ను ఒకటే అడిగాడు: "ఆరోగ్యం యాడ? రాల్యా? ఇంగా నా మీద కోపమేనా?" జబ్బు పడిన పొద్దునే వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. నేను జవాబు చెప్పేలోపే కన్ను మూశాడు. ఆ మాట వింటే అక్క బతకదనిపించింది. ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

పోట్లాట గుర్తొచ్చి అక్క తనంతట తానే అనుకుందేమోనని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆమె తల తిప్పిన తీరు నేను చూశాను. అడిగినవాళ్ల వైపే తిప్పింది.

ఆమె మళ్లీ నోరు విప్పలేదు. ఒక వానాకాలం జ్వరం వచ్చి, అలాగే పోయింది. ఆమె పోయాక ఫాదర్‌కు అంతా చెబితే, ఇది అద్భుతమని, గుడిలో సాక్ష్యం చెప్పమని అన్నారు. ఏమని చెప్పేది? మేము అడిగింది ఆమె మాట. దొరికింది ఒక్క జవాబు. అదీ చనిపోయినవాడికి.

ఇప్పుడు ఏటా ఆ తిరునాళ్లకు నడిచే పోతున్నాను. పోయినవాళ్ల మాట వినేవాడు ఒకడున్నాడని నమ్ముతున్నాను. లేకపోతే బావ అడిగింది అక్కకెట్లా చేరింది, నాకు అంతుపట్టదు. మోకరించినప్పుడల్లా ఆయన్ని ఒకటే అడుగుతాను: అంత దూరం మాట చేరవేసినవాడివి, వాళ్లను బతికించడానికి నీకు చేతులు రాలేదా?

ఇంతవరకు ఏమీ చెప్పలేదు. వచ్చే ఏడు మళ్లీ పోతాను.