వానను నాలుగు దినాలు ఆగమన్నాను

వానకోసం ఊరు ఊరంతా ఏడుస్తాంటే, వాన పడొద్దని మొక్కుకున్న పాపిష్టిదాన్ని నేను. ఇన్నేండ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఏం పోతుంది? నన్ను తిట్టేవాళ్ళంతా నాకంటే ముందే పోయినారు.

పందొమ్మిదొందల అరవైల నడిమి మాట. నాకు పెళ్ళయి మూడేండ్లయింటుంది. మా మామకు బావి పక్కన అరెకరా ద్రాక్షతోట ఉండె. చుట్టూ శెనక్కాయ చేన్లు, ఎర్రమన్ను, గుండ్రాళ్ళు. నడుమ రాతికూసాల మీద ఆ పచ్చపందిరి. ఆ తీగలు మామ తన చేత్తో నాటి, ఎద్దులతో కపిల తోలి, బావి నీళ్ళు తోడి పెట్టి పెంచినవి. కన్నకొడుకును కూడా అంత ముద్దుగా చూసుకోలేదని మా ఆయన ఎప్పుడూ దెప్పేవాడు. అబద్ధం కాదులే అది.

ఆ పచ్చద్రాక్షతో మామ చర్చికి రసం చేసేవాడు, ప్రభువు బల్ల కోసం, అంటే ఆరాధనలో రొట్టెముక్కతో పాటు తలా ఒక గుక్క ఇచ్చేదానికి. మద్యనిషేధం గట్టిగా ఉన్న కాలం. చర్చి పేరుతో కాగితం ఉంటేనే జాడీలో ద్రాక్ష పులియబెట్టల్ల. అందరి చర్చీల్లో ఎర్రరసం, మా చర్చిలో మాత్రం తెల్లరసం. తెల్లదంటే పాలతెలుపు కాదు, నిమ్మరసం తేరినట్టుండేది. నాలుక మీద పడగానే చురుక్కుమని, ఆ వెంటనే చల్లగా దిగిపోయేది. ప్రభువు రక్తం తెల్లగా ఉంటుందా అని కొత్తగా వచ్చిన పాస్టరయ్య అడిగితే, "రంగు మీరు చూసుకోండయ్యా, రుచి నేను చూసుకుంటా" అన్నాడంట మామ. అంత పొగరు ఆ రసం మీద!

ఆ పొగరు దిగిపోయింది. వరసగా రెండేండ్లు సరిగ్గా కోత ముందర ఒక్క జల్లు పడి, పండు చిట్లి, జాడీల్లో రసమంతా పుల్లటి కంపునీళ్ళయింది. ఆ జల్లు తప్ప ఏడాదంతా మళ్ళీ చుక్క లేదు. చర్చికి బెంగుళూరు నుంచి రసం సీసాలు తెప్పించుకున్నారు. మూడో ఏడు మా ఆయన తెగేసి చెప్పినాడు. "నాయనా, ఈసారి గూడా రసం చెడితే తీగలు పీకేస్తా. ఆ నీళ్ళు చేనుకన్నా పోతాయి." మామ లేచి తోటలోకి పోయినాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఏడే కరువు. ఊరి బావులన్నీ ఎండిపోయి, మా వీధి వీధంతా బిందెలెత్తుకొని మా తోట బావికే వచ్చేది. అడుగున మోకాలెత్తు నీళ్ళు. కోతకు ముందు పదిదినాలు తీగలకు నీళ్ళు పెట్టరు గనక మా మీద ఎవరికీ ఉక్రోషం లేదు. ఎదురింటి అక్క నా పక్కనే నిలబడి తోడుకునేది. అక్క అంటే తోబుట్టువు కాదు, అంతకంటే ఎక్కువ. నా కాన్పుకు పుట్టింటోళ్ళు అందకపోతే అన్నీ ఆమే చేసింది. "ఏమ్మే, ఈ రెండు నెలల్లో వాన రాకపోతే మేము కణేకల్లు దిక్కు పోవల్ల. ఆడ కాలవ ఉండాది, కూలన్నా దొరుకుతాది" అనేది రోజూ. వాన పడితే మామ తీగలు పోతాయి, పడకపోతే అక్క పోతాది. ఏం అడగాలో తెలిసేది కాదు.

మామ రోజూ తెల్లవారి తోటలోకి పోయి, ఒక పండు కొరికి గింజను అరచేతిలోకి ఉమ్మి చూసేవాడు. గింజ పచ్చిగా ఉంటే కోయగూడదు, రసంలో పస ఉండదు. గింజ కాఫీరంగుకు తిరగల్ల. ఆ మంగళవారం చూసి, "ఇంగ నాలుగు దినాలమ్మా. శనివారం కోద్దాం" అన్నాడు. బావి కాడ నీళ్ళు తోడుకుంటాన్న అక్క కూడా ఆ మాట విన్నది.

ఆ మంగళవారం మధ్యాన్నమే చర్చిలో వాన ప్రార్థన. అప్పటికే ఊర్లో ఎవరి తంటా వాళ్ళు పడినారు. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించినారు. సాయిబులు ఊరిబయట బయల్లో నమాజు చేసినారు. మాది గొలుసు ప్రార్థన. వరసగా కూచొని, ఒకరి తర్వాత ఒకరు లేచి అందరికీ వినపడేట్టు అడగల్ల. తప్పించుకునేదానికి లేదు.

సంఘపెద్ద గాబట్టి మామే మొదలుపెట్టల్ల. లేచి "ప్రభువా" అన్నాడు. రెండోసారి "ప్రభువా" అన్నాడు. అందరూ భక్తి అనుకున్నారు. అది యా భక్తో నాకు తెలుసు! చివరికి "నీ చిత్తం" అని కూలబడినాడు. గొలుసు నా దిక్కు జరుగుతా వచ్చింది. నాకు ముందర అక్క. "తండ్రీ, బిడ్డలు గొంతెండి పోతాండారు, కరుణించు" అని భోరున ఏడ్చింది. తర్వాత నేను లేచినాను. "వాన పంపు తండ్రీ" అని పైకన్నాను. లోపల మాత్రం, "శనివారం దాటనీ. నాలుగు దినాలు ఆగు, ఆగి ఎంతన్నా కురిపించు" అన్నాను. నా మొగం మండ, దేవునికే గడువు పెట్టినాను.

గొలుసు పూర్తి కాకముందే ఉరిమింది. అందరం బయటికి పరిగెత్తినాము. తూర్పున నల్లటి మోడం, చల్లగాలి, యాడో తడిసిన మన్ను వాసన. ఆడోళ్ళు కుండలు, బిందెలు, పిల్లోళ్ళ గిన్నెలు కూడా తెచ్చి వాకిండ్లలో పేర్చినారు. నేను గోనెపట్టలు చంకన పెట్టుకొని తోటకు ఉరికినాను. అరెకరా పందిరికి నాలుగు గోనెపట్టలు యాడ సరిపోతాయి? బుద్ధి పనిచేయలేదు. మామ పందిరి కింద నిలబడి పైకి చూస్తాండాడు. నా చేతి మీద నాలుగు చుక్కలు పడినాయి. "అయిపోయిందమ్మా" అన్నాడు.

అంతలో గాలి తిరిగింది. మోడం మా నెత్తి మీదనుంచే జరిగి, కొండ దాటి పోయింది. ప్రాణం లేచొచ్చి నవ్వినాను. పండ్లన్నీ కనపడేట్టు నవ్వినాను. తిరిగి చూస్తే తోట గట్టు మీద అక్క, చంకలో ఖాళీ బిందె. నా మొగమే చూస్తాండాది. వెనక్కి తిరిగి పోయింది.

శనివారం గింజ తిరిగింది. కోసి, గుడ్డలో పిండి, జాడీలకు పోసి ఇసుకలో పూడ్చినాము. ఆదివారం తెల్లవారినుంచి నేను తూర్పుదిక్కే చూస్తా కూచున్నాను. ఆ దినం లేదు. ఆ వారం లేదు. ఆ నెలా లేదు. ఆగమన్నది విన్నాడు, పంపమన్నది వినలేదే! బావి కాడ అక్క పక్కనే నిలబడేది గానీ మాట తగ్గిపోయింది. నేను నవ్విన సంగతి ఎప్పుడు ఎత్తుతాదో అని బిక్కుబిక్కుమంటా బిందె నింపుకునేదాన్ని. జుట్టు పట్టుకొని నాలుగు తిట్టినా బాగుండు అనిపించేది.

రెండు నెలలకు జాడీ తెరిచినాము. ఆ ఆదివారం బల్లకు అదే రసం. అంత బాగా ముందెప్పుడూ రాలేదు. మామ కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. తీగలు నిలిచినాయి. నేను ఆ గుక్క మింగి అక్క దిక్కు చూసినాను. అక్క కండ్లు మూసుకొని తాగింది. మరుసటి దినం వాళ్ళు కణేకల్లుకు పోతాండారు, మూటలు కట్టేసినారు.

చర్చి మెట్ల కాడ ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇంగ దాచుకునే ఓపిక లేదు నాకు.

"అక్కా, ఆ పొద్దు మోడం పోతే నేను నవ్వినాను."

"చూసినాలే."

"నాలుగు దినాలు వానను ఆగమని అడిగినానక్కా. ప్రార్థనలోనే."

"నువ్వొక్కదానివేనా?" అంది. "పైకి ఏడిస్తి గానీ లోపల నేనూ అదే అడిగితినమ్మే. మీ మామ మాట రాక నిలబడినాడే, ఆ మనిషిని చూసి. నాలుగు దినాలే గదా, ఏం మునుగుతాది అనుకుంటి."

"మరి నాతో మాట్లాడకపోతివే?"

"ఏమని మాట్లాడేది? నిన్ను చూస్తే నేనడిగిందే గుర్తొచ్చె."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని ఏడ్చినాము. పొద్దున్నే వాళ్ళ బండి పోయింది.

మరుసటేడు మళ్ళీ కోత ముందరే వాన దిగింది. గింజ ఇంకా పచ్చి. పండంతా చిట్లిపోతాంటే మామ పందిరి కింద తడుస్తా కూచున్నాడు. మా ఆయన తీగలు పీకే మాట ఎత్తకుండా పోయి ఆయన పక్కన కూచున్నాడు. నేను ఇంట్లో ఉన్న కుండలన్నీ వాకిట్లో పెట్టినాను. తర్వాత ఒక బిందె ఎత్తుకొని వీధి దాటి, తాళం వేసిన అక్క ఇంటి ముందర పెట్టినాను. అది నిండేదాకా తడుస్తా ఆడనే నిలబడినాను.