ఒకే పేరుతో రెండు ఫోటోలు

డిగ్రీ చదివినందుకు కర్నూలులో నాకు దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం డీటీపీ సెంటర్‌లో. కాన్పుకని మానేసి, పిల్లాడికి ఏడో నెల రాగానే మళ్ళీ వెళ్తానన్నాను. అత్త ఒక షరతు మీద ఒప్పుకుంది.

"బిడ్డకు ఏమన్నా అయ్యిందంటే ఆ పొద్దుతో సరి. మళ్ళా నన్నడగాకు."

మా ఆయన తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు. ఆ ఇంట్లో దాన్ని ఒప్పుకోవడమనే అనుకోవాలి.

మేము కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్‌లో బొమ్మ పెడితే పేజీలో ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది బయట ఫోల్డర్‌లోనే ఉంటుంది. పేజీకి తెలిసింది దాని పేరు, అది ఉండే చోటు మాత్రమే. మా సెంటర్‌లో ఈ సంగతిని బాగా వాడుకునేవాళ్ళం. కర్మ కార్డుకు ఒకటే పేజీ: గుండ్రటి చట్రం, చుట్టూ బంతిపూల దండ, రెండు పక్కలా దీపాలు. ఎవరు పోయినా వాళ్ళ ఫోటోను అదే కొలతకు కత్తిరించి, అదే ఫోల్డర్‌లో 'ఫోటో' అన్న పాత పేరుతోనే దాచేవాళ్ళం. పేజీ తెరిస్తే పాత మనిషి పోయి కొత్త మనిషి దండలోకి వచ్చేవాడు. కంప్యూటర్ ముసలిది. బొమ్మలన్నీ చూపించమంటే పేజీ కదిలేది కాదు. అందుకని బొమ్మ ఉన్న చోట బూడిద రంగు డబ్బా మాత్రం కనపడేలా పెట్టుకుని పని చేసేవాళ్ళం.

ఆ రోజు నందికొట్కూరు నుంచి ఒకతను వచ్చి తాత ఫోటో ఇచ్చి వెళ్ళాడు. దాన్ని శుభ్రం చేసి దాచాను. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికింది. కడపలో మా అమ్మ మనవడి ఫోటో గోడకు పెట్టుకుంటానని అడుగుతూ ఉండేది. సరే అని పిల్లాడి ఫోటో తెరిచి కత్తిరిస్తుంటే అత్త ఫోన్.

"పాలు తాగల్యా. ఏడుస్తానే ఉండాడు. యాడుండావు?"

"వస్తాండా అత్తా."

ఆ తొందరలో పిల్లాడి ఫోటో దాచాను. చేతికి అలవాటైన పేరే పడింది. పాతదాన్ని తీసేయనా అని కంప్యూటర్ అడిగితే తీసేయమని నొక్కాను. తర్వాత కార్డు తెరిచి, తాత పేరు రెండుసార్లు చదివి, కొడుకుల పేర్లు, కోడళ్ళ పేర్లు వరసగా సరిచూశాను. ఒక్క పేరు ముందూవెనకా అయితే ఇళ్ళల్లో గొడవలవుతాయి. ప్రతి అక్షరమూ చూశాను. బూడిద డబ్బాను చూడలేదు. పీడీఎఫ్ చేసి అతని ఫోన్‌కు పంపి, ఆటో ఎక్కాను. ఇంటికి వచ్చేసరికి పిల్లాడు పాలు తాగి నిద్రపోతున్నాడు.

అతను తెరిచి చూడకుండానే వాళ్ళ బంధువుల గ్రూపులో పెట్టాడు. సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"ఏమక్కా, మా తాతకు డెబ్బై ఎనిమిదేండ్లు. మీరు పండ్లు గూడా సరిగా రాకుండా చేసినారే."

నవ్వుతున్నాడు. వెనక ఇంకెవరో కూడా నవ్వుతున్నారు. ఫోన్‌లోనే తెరిచి చూశాను. దండ లోపల నా కొడుకు, రెండు పళ్ళతో నవ్వుతూ. అటూ ఇటూ దీపాలు. కింద 'స్వర్గస్థులైనారు'.

సెంటర్ నడిపే అన్నకు ఫోన్ చేస్తే ఆయనే సరిచేసి పంపాడు. "పోనీలేమ్మా, వాళ్ళే నవ్వుతాండారు గదా" అన్నాడు.

ఆ గ్రూపులో మా అత్త చెల్లెలు ఉంది. తెల్లారేసరికి ఆ కార్డు అత్త ఫోన్‌లోకి వచ్చింది. ఆమె అరవలేదు. ఫోన్ నా ముందు పెట్టింది.

"నీ చేత్తోనే దండేస్తివి గదమ్మే."

"రెండింటికీ పేరు ఒకటే పడింది అత్తా, అందుకని..."

"పేరేంది? సదువుకున్నదానివి, బిడ్డ మొగం కనపల్యా నీకి?"

కనపడలేదు. అదే నిజం. మా ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "కొన్నాళ్ళు మానుకోరాదా" అన్నాడు.

మూడో రోజు పిల్లాడికి జ్వరం వచ్చింది. ఈ కాలంలో అందరు పిల్లలకూ వస్తున్నదేనని డాక్టర్ చుక్కల మందు రాశాడు. అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు. ఆమె నా వైపు చూసింది. బీఎస్సీ చదివిన నేను కూడా ఘాటు కోసం ముక్కు ఎగబీలుస్తూ నిలబడి ఉన్నాను.

రెండు రోజులకు జ్వరం తగ్గింది. నేను మళ్ళీ సెంటర్‌కు వెళ్ళలేదు. రెండు నెలలకు అత్త ఆ కథను పక్కింటావిడకు చెప్పి నవ్వడం విన్నాను. "మావోడు అప్పుడే సర్గానికి పోయొచ్చినాడు లే." నా ఉద్యోగాన్ని మింగిన సంగతి ఆమెకు కాలక్షేపం అయింది.

పోయిన వారం సెంటర్ అన్న ఫోన్ చేశాడు. "కొత్తగా వచ్చినామెకు చేత కావడం ల్యా. నువ్వు రామ్మా." మా ఆయన నీ ఇష్టం అన్నాడు. "పోతే పో, నేనేమన్నా పట్టుకోని ఉండానా?" అంది అత్త.

ఇక అడ్డం ఎవరూ లేరు. పిల్లాడు నా కాళ్ళ దగ్గర స్టీలు పళ్ళెం కొట్టుకుంటూ ఆడుతున్నాడు. నేను ఫోన్‌లో అన్నాను: "పిల్లోనికి బాగాలేదన్నా. రాలేను."

అనేశాక, ఆ మాట నా నోటితో ఎందుకు అన్నానా అని భయమేసింది. ఇది రాస్తూ నాలుగుసార్లు లేచి వాడి నుదురు ముట్టుకుని వచ్చాను. చల్లగానే ఉంది.

ఉద్యోగానికి అత్తే పంపడం లేదని మా అమ్మతో చెప్పాను. అమ్మ వెంటనే నమ్మింది.