పామాయిల్ పగ

సల్బియాకు ఇంజనీరు రుస్దీ మీద పగ ఉండేది. రెండు రోజుల్లో చల్లారే కోపం కాదది. అన్నం తింటున్నా, నమాజుకు చేతులు కడుక్కుంటున్నా గుర్తొచ్చే పగ. బుకిత్ మిన్యాక్ ఊళ్ళో ఇద్దరూ పనిచేసే ఫ్యాక్టరీలో అందరికీ ఆ సంగతి తెలుసు. రుస్దీకీ తెలుసు, ఖాతరు చేయలేదంతే.

ఇరవై రెండేళ్ళు ఆమె లేత్ యంత్రం మీద టైటానియం కడ్డీలు కోసి విమానాలకు బోల్టులు చేసింది. టైటానియం మహా మొండి లోహం. కోస్తుంటే పుట్టిన వేడిని తను పుచ్చుకోదు, రాలే పొట్టుతో పాటు బయటికీ పోనివ్వదు, అంతా కోసే టూల్ మొన నెత్తిన పెడుతుంది. అందుకని దాన్ని చల్లార్చడానికి పాలలా తెల్లగా ఉండే కూలెంటు నీళ్ళు ధారగా పోస్తారు. ఆ నీళ్ళు టూల్‌ను కాపాడాయి, సల్బియా చేతుల్ని తిన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, మామూలు నీళ్ళు తగిలినా ప్రాణం విలవిల్లాడేది. పాడైన కూలెంటును డ్రమ్ముల్లో నింపి ఎక్కడికో పంపేవారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

భోజనాల గంటలో, పనికిరాని ముక్కల మీద ఆమె వేరే దారి వెతికింది. శుద్ధి చేసిన పామాయిల్‌ను గాలితో కలిపి, కంటికి ఆనీ ఆననంత తుంపరగా చిమ్మడం, దానితో పాటు చల్లటి గాలి ఊదడం. గంటకు రెండు మూడు చెంచాల నూనె చాలు. ఎనిమిది నెలలకు కుదిరింది. తుంపర చిమ్మే నాజిల్ టూల్ కింది నుంచి, మొనకు వేలెడు దూరంలో ఉండాలి. తుంపర సరిగ్గా తగిలితే పొట్టు వెండిలా వచ్చేది, తప్పితే వేడికి కమిలి నీలం తిరిగేది.

రుస్దీ అటుగా వచ్చి నూనె వాసనకు ముక్కు ఎగబీల్చాడు. సల్బియా అక్క అరటిపండు బజ్జీల బండి పెట్టింది, పొట్లాలు కట్టించుకోండర్రా అన్నాడు. అందరూ నవ్వారు. అనుమతి లేకుండా యంత్రాన్ని కెలికిందని మర్నాడు కాగితం రాసి, ఆమెను ప్యాకింగ్‌కు తోసేశాడు. ఏడాది తిరక్కుండా అదే తుంపర తన ఆలోచనేనని పెద్దాఫీసులో చెప్పుకున్నాడు. పర్యావరణానికి మేలు చేశాడని అతని ఫొటో క్యాంటీన్ గోడకెక్కింది. ఆ ఫొటో ఎదురుగా కూర్చుంటే సల్బియాకు ముద్ద గొంతు దిగేది కాదు. ఆ పని తనదని నలుగురిలో తేలాలి, వాడి తల వంగాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

అవకాశం దానంతటదే వచ్చింది. రుస్దీ సీసానూ గొట్టాన్నీ చూశాడు గాని కోణం చూడలేదు. కూలెంటు నీళ్ళు ఆపించి, లేత్‌లన్నిటికీ నాజిల్‌ను పైనుంచి బిగించాడు. తుంపర పొట్టుకు తగిలి చెదిరిపోతోంది, టూళ్ళు పటపటా విరుగుతున్నాయి, బోల్టులు తుక్కులోకి పోతున్నాయి. ప్యాకింగ్ బల్ల ముందు నుంచి తోపుడు బండ్లలో పోతున్న నీలం పొట్టును చూసి సల్బియా లోలోపల పండగ చేసుకుంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పదకొండు రోజులు హాయిగా నిద్రపోయింది.

పన్నెండో రోజు తెల్ల కూలెంటు డ్రమ్ములు మళ్ళీ దిగాయి. బోల్టులు కొనే కంపెనీ నుంచి తనిఖీ అధికారిణి వచ్చింది. ఆవిడ ముందు కూడా నూనె పనిచేయకపోతే పాత నీళ్ళే ఖాయమట. ఆ కబురు తెచ్చింది, సల్బియా పాత లేత్ మీద ఇప్పుడు పనిచేస్తున్న హస్నా.

"ఈ పది రోజుల్లోనే కాస్త మానాయక్కా," అంది వేళ్ళు చూపించి. "మళ్ళీ ఆ నీళ్ళలో పెట్టాలంటే భయమేస్తోంది. నువ్వేదో మందు రాసుకునేదానివిగా, దాని పేరేంటి?"

సల్బియాకు హస్నా మీదే కోపం వచ్చింది. చక్కగా సాగుతున్న పగకు ఈ పిల్ల అడ్డొచ్చింది. తను నోరు విప్పితే రుస్దీ గట్టెక్కుతాడు. విప్పకపోతే ఈ చేతులు పోతాయి. మందు పేరు చెప్పకుండానే లేచి లేత్ దగ్గరికి నడిచింది.

అక్కడ అధికారిణి, మేనేజరు నిలబడి ఉన్నారు. రుస్దీ చెమటలు తుడుచుకుంటున్నాడు. సల్బియా ఎవరినీ అడగలేదు. ఆగి ఉన్న యంత్రం తలుపు తీసి, వెనకున్నవాళ్ళకు చేతులు కనబడకుండా అడ్డంగా వంగి, నాజిల్‌ను టూల్ కిందికి మార్చి బిగించింది. హస్నా బటన్ నొక్కింది. పొట్టు వెండి రంగులో చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. కడ్డీ మొత్తం కోసినా టూల్ చెక్కుచెదరలేదు.

అధికారిణి మొహం విప్పారింది. రుస్దీకి ఊపిరొచ్చింది, దాంతో పాటు నోరూ లేచింది.

"నేను చెప్పినట్టే చేసింది మేడమ్. ఇదంతా ఆవిడకు నేనే నేర్పాను."

అంత ఆనందం సల్బియాకు ఏళ్ళ తరబడి కలగలేదు. యంత్రం ఆపించింది. మళ్ళీ అలాగే అడ్డంగా వంగి నాజిల్‌ను పూర్తిగా ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది.

"మీరు నేర్పిందే కదా ఇంజనీరు గారూ. నాకు మరుపెక్కువ. ఇంకోసారి బిగించి చూపించండి."

రుస్దీ నాజిల్‌ను పైన పెట్టి చూశాడు, పక్కన పెట్టి చూశాడు. హస్నా వైపు చూశాడు. హస్నా తల తిప్పుకుంది. తొందరేం లేదు, సాయంత్రం దాకా ఉంటానని అధికారిణి కుర్చీ తెప్పించుకుని కూర్చుంది.

"అక్కా, ఎక్కడ పెట్టాలి?" అన్నాడు చివరికి, మెల్లగా.

"కాస్త గట్టిగా అడగండి," అంది సల్బియా. "మేడమ్‌కు వినబడలేదు."