టాంకీ మీద ఇంకో ఊరు

ఏ ఊరి పేరు చెప్పినా భూమేష్ ముందు అడిగేది ఒకటే: "అది ఎటు దిక్కు?" బహ్రెయిన్‌లోని సల్మాబాద్ క్యాంపు నుంచి మనుషుల్ని తుబ్లీకి, హూరాకి చేరవేసే కంపెనీ బస్సు డ్రైవరు అతను. దారి తెలియని ఊరు చెవిన పడితే అన్నం సహించదు. అతను జగిత్యాల వైపు మనిషి, నేను కాకినాడ వైపు వాణ్ణి. ఒకే గదిలో ఉంటాం గనుక ఆ ప్రశ్నల్లో సగం నా నెత్తినే పడేవి.

అలాంటివాడు డల్లాస్ గురించి మాత్రం అడగడం మానేశాడు.

మొన్నమొన్నటి దాకా మా గదిలోనే ఉన్న నర్సింగ్ అమెరికాలో ఒక హోటల్లో వంటకు కుదిరి డల్లాస్ వెళ్లాడు. వీళ్లిద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. ఇప్పుడు నర్సింగ్ ఫోన్ చేస్తే భూమేష్ ఎత్తడు, బోర్లా పెట్టేస్తాడు. చూసి చూసి నాకు ఒళ్లు మండింది.

"ఏమైందయ్యా మీ ఇద్దరికీ?"

"నాతోని అబద్ధమాడిండన్నా. డల్లాస్‌ల ఉంటున్న అన్నడు. వీడియోల చూస్తే ఎన్క నీళ్ల టాంకీ మీద ఇర్వింగ్ అని ఊరి పేరు రాసున్నది. మొన్న ఇంకో టాంకీ మీద ప్లేనో. ఏడుంటున్నడో నాకు సుత చెప్పడా? నేనేమన్న పోయి వాని ఇంట్ల కూసుంటనా?"

గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ.

నాకు మాత్రం ఏం తెలుసు గనుక? ఇద్దరం ఫోన్లో మ్యాపు తీశాం. డల్లాస్, ఇర్వింగ్, ప్లేనో, ఆర్లింగ్టన్, పడమటి కొసన ఫోర్ట్‌వర్త్. ఒక ఊరు అయిపోయి ఇంకోటి వచ్చిందని బోర్డు చెప్పాలి తప్ప ఇళ్లను చూస్తే తెలియదు. ఎవరి మునిసిపాలిటీ వాళ్లదే. భూమేష్ అలక మరిచిపోయి రోడ్ల మీద వేలు నడిపించాడు.

"డల్లాస్ కెంచి ఫోర్ట్‌వర్త్ పోవుడంటే, మన ముహర్రక్ కెంచి దక్షిణం కొసకు పోయినట్టే గదన్నా. సుట్టుపక్కల ఊర్లన్ని కలిపితే ఇసొంటి బహ్రెయిన్‌లు ఎన్ని పడతయో."

"పాతిక పైనే పడతాయి."

"మరి గిన్ని ఊర్లను కలిపి ఏమంటరు?"

"బయటివాళ్లతో చెప్పేటప్పుడు డల్లాసే అంటారట."

"అట్లెట్లంటరు? ఏ ఊరికి ఆ ఊరు పేరు లేదా?"

అక్కడ దొరికాడు నాకు.

"కొడుకు ఎక్కడున్నాడని ఊళ్లో ఎవరైనా అడిగితే మీ అమ్మ ఏం చెబుతుంది?"

"దుబాయిల," అనేసి నాలుక కరుచుకున్నాడు.

వాళ్ల వైపు గల్ఫంతా దుబాయే. ఇన్నేళ్లూ బహ్రెయిన్‌లో బస్సు తోలుతూ, ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ తనూ దుబాయనే అన్నాడు. ఆ మాటను ఎవరూ అబద్ధం అనుకోలేదు.

కాసేపు మ్యాపు వైపే చూసి, నర్సింగ్‌కు ఫోన్ చేశాడు.

"నేన్రా, దుబాయి భూమేష్‌ను."

ఇన్నాళ్లు ఎందుకు ఎత్తలేదని నర్సింగ్ అడగలేదు.

"తిన్నవారా?" అన్నాడు.

భూమేష్ కళ్లు తుడుచుకున్నాడు. "తిన్న గని, ఆ టాంకీ మీ ఇంటికి ఎటు దిక్కున్నదో అది చెప్పు ముందు."