సున్నా దగ్గర ఆగిన మీటరు

మా మావగారు గ్యాస్ పైపులు వేసే కంపెనీలో ముప్ఫై ఏళ్లుగా వాల్వుల దగ్గర పనిచేస్తున్నారు. తోటివాళ్లు ఆయనకు పెట్టిన పేరు నత్త. ఆ పేరు విని ఆయన కోప్పడరు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఆయనకు తొందర ఉండదు. నేనేమో కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగే రకం. పిల్లనిచ్చిన పాపానికి నన్ను తన దగ్గరే పనిలో పెట్టించుకున్నారు.

కొత్తగా వేసిన పైపు ఖాళీగా ఉంటుందనుకుంటాం గానీ, దాని నిండా గాలే. అందులోకి నేరుగా గ్యాస్ వదిలితే రెండూ కలుస్తాయి, ఒక్క నిప్పురవ్వ చాలు పేలిపోవడానికి. అందుకని ముందు నైట్రోజన్ ఎక్కిస్తారు. అది అంటుకోదు, అంటించదు, గాలిని బయటికి నెట్టేస్తుంది. అవతలి కొసన మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ రెండు శాతం లోపుకు దిగాలి. అప్పుడే గ్యాస్.

ఆ రోజు అవతలి కొసన మీటరు నా చేతిలో ఉంది, ఇవతల వాల్వు ఆయన చేతిలో. మధ్యలో ఫోను. వీధి వీధంతా కొత్త పొయ్యిలు పెట్టుకుని ఎదురుచూస్తోంది. మీటరులో అంకె ఇరవై ఒకటి నుంచి మెల్లగా దిగుతూ దిగుతూ, చటుక్కున సున్నాకు వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“సున్నా, మావయ్యా. వదిలేయండి.”

“అప్పుడేనా? దాన్ని పైపు దగ్గర్నుంచి తీసి బయట గాలిలో పట్టు.”

“సున్నా అని చెబుతున్నాగా.”

“పట్టు అల్లుడూ.”

ఈయనతో వేగేదెలా అని పళ్లు నూరుకుంటూ, దూరంగా నడిచి బయటి గాలిలో పట్టాను. అక్కడ ఇరవై ఒకటి చూపించాల్సిన మీటరు సున్నా దగ్గరే కూర్చుంది.

“ఏమంటోంది?” అన్నారాయన.

“సున్నానే.”

“మరి నువ్వు ఊపిరెలా పీలుస్తున్నావు?”

మీటరు పాడైపోయింది. ఇంకోటి తెప్పించి పెడితే పైపులో పదిహేను. వాల్వు నా చేతిలో ఉండుంటే ఎప్పుడో తిప్పేసేవాణ్ణి. ఇంకో గంట నైట్రోజన్ ఎక్కించాక అంకె ఒకటికి దిగింది. ఈసారి చెప్పించుకోకుండా నేనే మీటరును గాలిలో పట్టాను. ఇరవై ఒకటి. గ్యాస్ వదిలారు, పొయ్యిలు వెలిగాయి. గంట ఎందుకు ఆలస్యమైందని మేనేజరు నిలదీస్తే, “మీటరు పాడైందని మా అల్లుడు కనిపెట్టాడు” అన్నారు మావగారు, తొణక్కుండా.

పనివాళ్లలో ఎవరు ఫోన్ చేశారో గానీ, ఆ కబురు మాకంటే ముందే ఇంటికి చేరింది. భోజనాల దగ్గర మా ఆవిడ మురిసిపోతూ, “మీరేనటగా కనిపెట్టింది” అంది. ఔననేస్తే ఆ పూట హాయిగా గడిచిపోయేది. ఆ అబద్ధం నా నోరు దాటలేదు.

“నేను కాదు. నేను గ్యాస్ వదిలేయమన్నాను. మీ నాన్నగారు ఆపారు.”

ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. మావగారు మాత్రం నిదానంగా తిని, చేయి కడుక్కుని వచ్చారు.

“రేపు వాల్వు దగ్గర నువ్వుండు అల్లుడూ. మీటరు నేను పట్టుకుంటా.”