పటం మీద వాలిన ఈగలు

2006 ఎండాకాలం. పుదుచ్చేరి ఒర్లియంపేటలో వేపనూనె, జీవ ఎరువులు, పండు ఈగల్ని పట్టే బుట్టలు అమ్మే చిన్న కొట్లో పనిచేసేవాణ్ణి. ఈగల్ని నమ్మించి చంపడం నా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో చెప్పుకునేందుకు బాగుండదని కార్డు మీద ‘అగ్రి కన్సల్టెంట్’ అని అచ్చు వేయించుకున్నాను.

రెడ్డియార్‌పాళయం నుంచి సుందరన్న ఫోన్ చేశాడు. తరాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగు రైతు కుటుంబం. పొలాలన్నీ ఇళ్లయిపోయి, పెరట్లో పన్నీరు ద్రాక్ష పందిరి ఒకటే మిగిలింది.

“ఏ పండు కోసినా లోపల పురుగే తమ్ముడూ. సోమవారం మనుషుల్ని పిలిచి తీగ కొట్టించేస్తా ఉండా. మా నాయన పెట్టినది, ఒకసారి ఎవరికైనా చూపించమని అమ్మ ఒకటే గొడవ.” గొంతు తగ్గించాడు. “సాయంకాలం రా. పగలు చెప్తే నమ్మవు.”

“దయ్యాలకు మా కొట్లో మందు లేదన్నా. వేపనూనె ఒక్కటే.”

ఆయన నవ్వలేదు.

నేను వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. పందిరి కింద అప్పుడే చీకటి. పులిసిన తీపి వాసన. ఎండుటాకుల మీద ఎవరో ఒట్టి కాళ్లతో మెల్లగా నడుస్తున్నట్టు ఒకటే చప్పుడు. టప్. టప్. మనిషి మాత్రం లేడు.

వంగి చూశాను. రాలి కుళ్లిన ద్రాక్షల్లోంచి బియ్యపు గింజంత పురుగులు బయటికొచ్చి, ఒళ్లు విల్లులా వంచి గెంతుతున్నాయి. పండు ఈగ పిల్ల అంతే. ఎదిగాక పండు వదిలి, గెంతుకుంటూ పోయి మట్టిలో దూరుతుంది. ఈ సంగతి నేను చదువుకున్నాను. నా ఒంటి మీది వెంట్రుకలు చదువుకోలేదు, నిక్కబొడుచుకున్నాయి.

వెనక వసారాలో సుందరన్న వాళ్లమ్మ మంగమ్మవ్వ పీట మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. కొడుకు గడప దాటకుండా లోపలే నిలబడ్డాడు.

“కూర్చో నాయనా. ఇప్పుడే వచ్చినాడు,” అంది అవ్వ.

గోడకు దండ వేసిన తాత పటం ఉంది, సుందరన్న నాయనది. పటంలో తాత లేడు. ముఖం ఉండాల్సిన చోట ఏదో నల్లగా మెదులుతోంది. ఒక అడుగు ముందుకు వేశాను. ఆ నలుపంతా ఒక్కసారిగా లేచింది. కళ్లద్దాలతో తాత నా వైపే చూశాడు. మళ్లీ అన్నీ వచ్చి ముందు దండ మీద వాలాయి, తర్వాత మెల్లగా ముఖం మీదికి పాకాయి.

“రోజూ ఈ వేళకే,” అన్నాడు సుందరన్న లోపల్నించి. “తీగ కొట్టిస్తానన్న కోపం తమ్ముడూ ఆయనకి.”

నేను దండ వాసన చూశాను.

“రోజూ సాయంకాలం తులసి దండేనా అవ్వా?”

“ఆయనకు అదే ఇష్టం. రవంత నలిపి గుచ్చుతా, వాసన నిలవాలని.”

తులసిలో మిథైల్ యూజినాల్ అనే వాసన పదార్థం ఉంటుంది. మగ పండు ఈగలు దానికోసం ఎంత దూరమైనా వస్తాయి. మా బుట్టలో చెక్కముక్కకు పట్టించేదీ అదే. వచ్చినవి బుట్టలోనే చస్తాయి, పండు మీదా మట్టిలోనూ విషం పడదు. ఇదంతా చెప్పి, ఊరుకోకుండా, “తాత రావడం లేదవ్వా. వచ్చేవన్నీ మగ ఈగలు,” అన్నాను.

కొడుకు ఊపిరి వదిలాడు. అవ్వ వదల్లేదు. ఇన్నాళ్లూ ఆమె భయపడి కాదు, ఎదురుచూసి అక్కడ కూర్చుందని నాకప్పుడు అర్థమైంది.

“నేనూ అనుకుంటి,” అంది. “బతికినన్నాళ్లూ సాయంకాలం ఇంట్లో ఉండింది యాడ, ఇప్పుడు వచ్చేదానికి.”

కానీ ఇన్ని ఈగలు ఎక్కడివి? ఇల్లు అద్దంలా ఉంది. వాకిట్లో పుల్ల లేదు. పందిరి కింద మాత్రం చీపురు పడి ఎన్నాళ్లయిందో.

“రాలినవి ఎత్తరా?” అన్నాను.

తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు.

“కోసింది మనది, రాలింది ఆయనది,” అంది అవ్వ. “తీగ పెట్టిన పొద్దే చెప్పినాడు, రాలింది ఎవురూ ముట్టగూడదు, పక్షికీ చీమకీ అని. ఆయనే పోయినాక అది ఆయన వంతు గాక ఎవురిది?”

రాలిన ప్రతి పండూ ఈగలకు పురిటిల్లు అని చెప్పాను. బుట్ట మగవాటినే పడుతుంది. నాలుగు మగవి తప్పించుకున్నా ఆడవాటికి చాలు. రాలినవి రోజూ ఏరి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పెడితే లోపలి పురుగు ఉడికి చస్తుంది. మేం దీన్నే శానిటేషన్ అంటాం. ఇది చేయకుండా ఏ బుట్టా పనిచేయదు.

“ఆయన వంతును సంచిలో కట్టి ఎండబెట్టమంటావా?”

“లేకపోతే సోమవారానికి తీగే ఉండదవ్వా.”

ఆమె తలెత్తి పందిరికి వేలాడే పచ్చి గుత్తుల్ని చూసింది. తర్వాత, “ఈగ ముట్టకముందే ఆయన వంతు తీగ మీదే కట్టిపెడితే ఏంది?” అంది.

దాన్ని బ్యాగింగ్ అంటారు, పండకముందే గుత్తికి సంచి తొడగడం. నేను ఆ మాట ఎత్తకముందే ఆమె లోపలికి పోయి తాత పంచె ఒకటి తెచ్చింది. పర్రుమని చించింది. ఆ చప్పుడుకు పటం మీది ఈగలు మళ్లీ లేచాయి. ఈసారి ఆమె అటు చూడలేదు.

రాలినవి సంచికెత్తి, పచ్చిగా ఉన్న గుత్తులన్నిటికీ ముగ్గురం గుడ్డలు కట్టాం. పందిరి నిండా తెల్లటి మూటలు వేలాడి, గాలి లేకపోయినా కదులుతున్నట్టు అనిపించాయి. సుందరన్న వాటిని చూసి, “దీనికంటే ఈగలే నయం తమ్ముడూ,” అన్నాడు. సోమవారం మనుషుల్ని మాత్రం రావద్దన్నాడు. ఆ కాపులో మూట విప్పిన మొదటి గుత్తిలో పురుగు లేదు. అది తాత వంతు. మాకు రెండోది.

అప్పటినుంచి ఏ తోటకు వెళ్లినా ఈగలెక్కడ అని ముందు అడగను. మీ ఇంట్లో ఎవరూ ముట్టుకోనిది ఏముంది అని అడుగుతాను. ఏమీ లేదంటారు, కొందరు కోప్పడతారు. కానీ ఆ మాట అంటూండగానే అందరి కళ్లూ ఒకే మూలకు పోతాయి. నా సంచి తీసుకుని నేను అటు నడుస్తాను.