పురుగుల సైన్యం

ఆదివారం టికియాపారా నుంచి న్యూ టౌన్‌లోని ఆటల క్లబ్బు దాకా బస్సులో సువర్ణ చెప్పుల డబ్బాను ఒళ్లోంచి దించలేదు. నిరుడు చనిపోయిన తమ్ముడు పండు రంగులేసిన ప్లాస్టిక్ పురుగుల సైన్యం అందులో ఉంది. బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే గ్రహాల యుద్ధం ఆటలోవి అవి. సువర్ణది ఇనుప మనుషుల పక్షం. వాళ్లు గోడ చాటున నిలబడి దూరం నుంచి కాలుస్తారు. పండు పురుగులకు తుపాకులు లేవు, గుంపుగా మీద పడాల్సిందే. ఆమె కూడా అంతే, బస్సులో కిటికీ వారన, ఆఫీసులో గోడవైపు చోటే వెతుక్కుంటుంది. "నువ్వెలాగూ ఆ పురుగులతో ఆడవు, అవి నాకిచ్చేయక్కా" అని పండు స్నేహితుడు మనోహర్ అడుగుతున్నాడు. వాటితో అతన్ని ఓడిస్తే ఉంచుకోవాలని, లేకపోతే ఇచ్చేయాలని క్లబ్బులో మాటైంది. ఆట ముగిసేసరికి బల్ల మధ్యనున్న బురుజు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే గెలుపు. సువర్ణ అలవాటు కొద్దీ పురుగులన్నిటినీ గోడ చాటున పేర్చింది. తల కనిపించినదాన్నల్లా మనోహర్ కాల్చేశాడు.

"ఏటక్కా, పురుగుల్ని దాసేస్తన్నావేటి? అవి సావడానికే కదా ఉన్నాయి!" అని నవ్వి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. సువర్ణ, "పండుగాడైతే ఏటి సేసీవోడు?" అంది.

"అన్నిట్నీ ముందుకి తోసీవోడు."

ఆమె టేపుతో కొలిచి మిగిలినవన్నీ బురుజు వైపు జరిపింది. పాచికలు పడేకొద్దీ పురుగులు పోతూ వచ్చాయి. పోయినదాన్ని పోయినట్టే తీసి డబ్బాలో పెట్టింది. ఆట ముగిసేసరికి బురుజు మీద ఒక్క పురుగు మాత్రమే నిలిచి ఉంది.